కంప్యూటరు భాషకు నీరటికాడెవరు?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలోని మన సభ్యుల ఇండ్లలో ఇంజినీరింగు చదివే మనుమడో మనుమరాలో లేని ఇల్లు తక్కువ. కొండగట్టు దాపున నాచుపల్లిలో 2007లో, సిరిసిల్లలో 2021లో జె.ఎన్.టి.యు. వారి కళాశాలలు వచ్చాక ఆ చదువు మన ముంగిట్లోకే వచ్చింది. "ఏం నేర్చుకుంటున్నవు బిడ్డా?" అని అడిగితే వాళ్ళు "పైథాన్ తాతయ్యా" అంటారు. కంగారు పడనక్కరలేదు. దీనికి కొండచిలువతో సంబంధం లేదు. 1969లో బ్రిటిష్ టెలివిజన్లో మొదలైన 'మాంటీ పైథాన్' అనే హాస్య కార్యక్రమం పేరులోంచి తీసుకున్న మాట అది.

కంప్యూటరు భాష అంటే ఏమిటో సిరిసిల్ల వారికి చెప్పడం తేలిక. జకార్డు మగ్గానికి రంధ్రాలు కొట్టిన అట్టలు తగిలిస్తే, ఏ పోగు లేవాలో ఏది లేవకూడదో ఆ అట్టలే చెబుతాయి. ఫ్రాన్సులో 1804 ప్రాంతంలో వచ్చిన ఈ ఏర్పాటును చూసే చార్లెస్ బాబేజి 1830లలో తాను తలపెట్టిన గణన యంత్రానికి అట్టలు వాడాలనుకున్నాడు. యంత్రానికి మాటలతో పని చెప్పే భాషలు తరువాతి శతాబ్దంలో వచ్చాయి. లెక్కల కోసం 1957లో ఫోర్ట్రాన్, జీతాల బిల్లుల వంటి కార్యాలయ పనుల కోసం 1959-60లో కోబాల్ పుట్టాయి.

పైథాన్‌ను పుట్టించినది గైడో వాన్ రోసమ్ అనే డచ్చి దేశస్థుడు. ఆయన అప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రభుత్వ నిధులతో నడిచే గణిత పరిశోధన సంస్థలో ఉద్యోగి. అంటే ఒక విధంగా మనవాడే. 1989 క్రిస్మస్ సెలవుల్లో ఊసుపోక మొదలుపెట్టిన పనిని 1991 ఫిబ్రవరిలో సోర్స్ కోడ్‌తో సహా లోకానికి ఇచ్చేశాడు. సోర్స్ కోడ్ అంటే మనుషులు చదవగలిగే మూలపాఠం. దాన్ని ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఇట్లా పంచడం ఒక హక్కుగా ఉండాలని అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లోనే గ్నూ పేరుతో ఉద్యమం ప్రారంభించి ఉన్నాడు.

అయితే పంచిపెట్టడంతో పని అయిపోదు. మన పల్లెల్లో చెరువు తవ్వించిన దొర పేరు శాసనంలో ఉంటుంది. రాత్రిపూట కట్ట మీద తిరిగి, బుంగ పడితే పూడ్చి, తూము తీసి మూసే నీరటికాడి పేరు ఏ రాతి మీదా ఉండదు. అందరిదీ అయిన కంప్యూటరు భాషకు కూడా అటువంటి నీరటికాళ్ళు కావాలి. తప్పు దొరికితే దిద్దాలి, కొత్త యంత్రం వస్తే దానికి సరిపడేట్టు చేయాలి, ఎవరో పంపిన సవరణను అక్షరం అక్షరం చదివి చూడాలి. ఇందులో చాలా భాగం జీతం లేని చాకిరీ.

ఆ పనికి వారు పెట్టుకున్న పద్ధతి చూస్తే కార్యాలయంలో నోట్ ఫైలు నడిపిన మనకు ముచ్చట వేస్తుంది. 2000 సంవత్సరం నుంచి భాషలో పెద్ద మార్పు ఏది కావాలన్నా రాతపూర్వకంగా ప్రతిపాదన పెట్టాలి. దాన్ని 'పెప్' అంటారు. దానికి నంబరు ఉంటుంది, ఎందుకు కావాలో కారణం ఉంటుంది, అభ్యంతరాలకు జవాబు ఉంటుంది. తిరస్కరించిన ప్రతిపాదనను కూడా చించి పారేయరు. కారణంతో సహా దాచి ఉంచుతారు. మన కార్యాలయాలలో ఈపాటి శ్రద్ధ ఉన్న రికార్డు రూములు ఎన్ని చూశామో పాఠకులే చెప్పాలి.

పెద్ద పరీక్ష 2008 డిసెంబరులో మూడవ పైథాన్‌తో వచ్చింది. రెండవ పైథాన్‌కు 5ని 2తో భాగించమంటే మామూలుగా 2 అని చెప్పి ఊరుకునేది. మన లెక్కల విభాగం వారు వింటే గుండె ఆగుతుంది! మూడవది 2.5 అని చెబుతుంది. ఇటువంటి దిద్దుబాట్ల వల్ల పాత ప్రోగ్రాములు చాలా వరకు కొత్తదానిలో నడవలేదు. పాత పి.ఆర్.సి. వారికీ కొత్త పి.ఆర్.సి. వారికీ ఉండే పేచీ వంటిదే అక్కడా వచ్చింది. పాతదాన్ని 2015లో ఆపుదామనుకున్నారు గాని, జనం మారలేదని గడువు పొడిగించారు. చివరికి 2020 జనవరి 1తో దాని ఆలనాపాలనా మానేశారు. ఎవరిని ఎన్నాళ్ళు మోయాలన్నది నీరటికాడికి ఎప్పుడూ ఉండే చిక్కే.

ఈ మార్పులో మన తెలుగుకు కలిగిన మేలు ఒకటుంది. ప్రపంచ లిపులన్నిటికీ అంకెలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991 మొదటి కూర్పులోనే 128 గదులు కేటాయించారు. మూడవ పైథాన్‌లో రాతంతా యూనికోడే. కాబట్టి అందులో తెలుగు వాక్యాలనే గాక, 'పింఛను', 'కరువుభత్యం' అని లెక్కలో వాడే పేర్లను కూడా తెలుగు లిపిలో పెట్టుకోవచ్చు. ఆజ్ఞల మాటలు మాత్రం ఇంగ్లీషువే. మనవాళ్ళూ చేతులు ముడుచుకొని కూర్చోలేదు. ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసే ఆర్.టి.ఎస్. పద్ధతి 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగువారు తయారుచేసినదే. తిరుమల కృష్ణ దేశికాచారి గారు పోతన, వేమన ఖతులను ఉచితంగా ఇచ్చారు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో కనబడే కంప్యూటరు వ్యవస్థ కోసం పాటుపడింది.

నీరటికాడు లేకపోతే ఏమవుతుందో 2014 ఏప్రిల్‌లో లోకం చూసింది. బ్యాంకుల వెబ్‌సైట్లతో సహా లక్షలాది చోట్ల గుట్టు కాపాడే 'ఓపెన్ ఎస్.ఎస్.ఎల్.' అనే ఉచిత ప్రోగ్రాములో రెండేళ్ళుగా ఎవరూ గమనించని బుంగ బయటపడింది. ఆరా తీస్తే, అంతటి తాళాన్ని పూర్తికాలం చూసుకునే మనిషి ఒక్కడే ఉన్నాడని తేలింది. దాని మీద కోట్లు సంపాదించిన కంపెనీలు అప్పుడు గాని డబ్బు తీయలేదు. మన పింఛను ఇప్పుడు నడిచే దారి ఇటువంటి తాళాల మధ్య నుంచే కదా!

పైథాన్‌లో మాత్రం తుది మాట చాలా కాలం గైడో గారిదే. ఆయనను జీవితాంతపు దయగల నియంత అని సరదాగా పిలిచేవారు. 2018లో ఒక చిన్న గుర్తును భాషలో చేర్చాలా వద్దా అన్న వాదం ముదిరి మాటలు మీరాయి. ఆయన తన పట్టుదల నెగ్గించుకున్నాడు గాని మనసు విరిగింది. జూలై 12న పదవి వదులుకున్నాడు. వారసుణ్ణి నియమించనని, మీరే తేల్చుకోండని రాసి పక్కకు జరిగాడు. భాషను నడిపేవాళ్ళు నెలల తరబడి చర్చించి, ఓట్లు వేసుకొని, 2019 ఆరంభంలో అయిదుగురు సభ్యుల కమిటీని ఎన్నుకున్నారు. ఆ కమిటీలో ఒకే యజమాని దగ్గర పనిచేసేవారు ఇద్దరికి మించి ఉండరాదు. ఈ నిబంధన మన సంఘాల బైలాలలో కూడా చేర్చదగినదని నా అభిప్రాయం. మొదటి కమిటీలో గైడో కూడా ఒక సభ్యుడే. మరుసటి ఏడాదికి అదీ మానుకున్నాడు.

2019 అక్టోబరులో ఆయన ఉద్యోగ విరమణ చేశాడు. ఏడాది తిరిగిందో లేదో, 2020 నవంబరులో, విశ్రాంత జీవితం విసుగు పుట్టించిందని చెప్పి మైక్రోసాఫ్ట్‌లో చేరి మళ్ళీ పైథాన్ పనిలోనే పడ్డాడు. అటువంటివారు మన జగిత్యాలలోనూ ఒకరిద్దరు ఉన్నారు. పేర్లు చెప్పను.