పరుగుకు టైంటేబుల్ చాలదు, కాషన్ ఆర్డరు కూడా కావాల



మన కుందారపల్లి పక్క తెల్లవారి పరిగెత్తేవాళ్లు ఇప్పుడు ఎక్కువైనారు. కొందరి సెల్లులో యాప్ ఉంది. రాత్రి నిద్ర చాలకపోయినా, గుండె ఎక్కువ కొట్టుకున్నా, మరుసటి దినం పరుగును అదే తగ్గించి చెప్తుంది. ఇది కొత్త వింత అనుకోవద్దండి. దీని వెనక అరవై ఏండ్ల చరిత్ర ఉంది.

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అని ఒకాయన. చెప్పుల ఫ్యాక్టరీలో పని చేసిన మనిషి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులు పీటర్ స్నెల్, మర్రే హాల్బర్గ్ ఒకే దినం బంగారు పతకాలు గెలిచినారు. అంతటి గురువు, గుండెపోటు వచ్చిన పెద్దవాళ్లను కూడా మెల్లగా పరిగెత్తించినాడు. 1962లో అక్కడ జాగింగ్ క్లబ్బు పుట్టింది. నియమం ఒకటే: పక్కవాడితో మాట్లాడుతూ పరిగెత్తాల. మాట తెగితే వేగం తగ్గించాల.

ఆ ఏడు చివర్లో అమెరికా కోచ్ బిల్ బవర్‌మన్ చూడను పోయినాడు. గుండెపోటు వచ్చిన డెబ్బై దాటిన ముసలాయనతో సమంగా పరిగెత్తలేక ఆయాసపడినాడు. ఊరికి పోయి, గుండె డాక్టరుతో కలిసి 1967లో 'జాగింగ్' అనే పుస్తకం తెచ్చినాడు. ఒక దినం గట్టిగా, మరుదినం తేలికగా అనేది ఆయన పద్ధతి.

1982లో ఫిన్లాండ్ పోలార్ కంపెనీ వైరు లేకుండా గుండె లెక్క చూపే చేతిగడియారం తెచ్చింది. 1996లో అమెరికాలో జాష్ క్లార్క్, ఎప్పుడూ పరిగెత్తనివాళ్లకు 'కౌచ్ టు 5కె' అని 9 వారాల పట్టిక రాసినాడు: వారానికి 3 దినాలు, కొంచెం నడక, కొంచెం పరుగు. మన తెలుగు నేల మీద 2007లో మొదలైన హైదరాబాద్ రన్నర్స్ అదే పేరుతో కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చింది.

రైల్వేలో టైంటేబుల్ ఉంటుంది. అయినా పట్టాల పని జరిగే చోట ఇంత వేగం మించొద్దని డ్రైవరుకు కాషన్ ఆర్డరు ఇస్తారు. లేటైనా సరే, బండి భద్రంగా చేరాల. యాప్ ఇచ్చేది కూడా అట్లాంటిదే. కానీ మనం మింగే మాత్రలు దానికి తెలియవు. కొన్ని బీపీ మాత్రలు గుండె వేగాన్ని తగ్గిస్తాయి. అప్పుడు దేహం అలసినా గడియారం అంతా బాగుందనే చూపిస్తుంది.

కాబట్టి బీపీ, షుగరు ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగండి. ఎదలో నొప్పి, తల తిరుగుడు వస్తే వెంటనే నిలపండి. మిగతా దినాల్లో లిడియార్డ్ నియమమే చాలు. పక్కన ఒక మనిషిని పెట్టుకొని, మాట్లాడుతూ పరిగెత్తండి.