లెక్కలోకి రాని మనుషులు - పాత్రికేయుడు పి. సాయినాథ్ కృషి

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల వాళ్లకు కరువంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏడాదికి అటూఇటుగా 550 మిల్లీమీటర్ల వాన. అదీ అదునుకు పడదు. వేరుశనగ వేస్తే ఊడలు దిగే వేళకు భూమి బిగుసుకుపోతుంది. పంట పోయిన ఏడు మన తండాల నుంచి, ఎరుకల కాలనీల నుంచి బెంగళూరు బస్సెక్కే కుటుంబాలను మనం చూస్తూనే ఉన్నాం. వాళ్ల పిల్లల పేర్లు మన బడి హాజరు పట్టీలో ఉంటాయి, పిల్లలు మాత్రం ఉండరు. ఇలా కాగితానికీ మనిషికీ మధ్య ఉన్న దూరాన్ని కొలవడానికే జీవితాన్ని ఇచ్చిన పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్. మన యువకులూ ఉపాధ్యాయులూ ఆయన పని తెలుసుకోవడం అవసరమని మేము భావిస్తున్నాం.

సాయినాథ్ 1957లో మద్రాసులో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. రాష్ట్రపతిగా పనిచేసిన వి.వి. గిరికి మనవడు. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివారు. 1980లో యు.ఎన్.ఐ. వార్తాసంస్థలో చేరి, తర్వాత బొంబాయిలో 'బ్లిట్జ్' వారపత్రికకు చాలాకాలం డిప్యూటీ ఎడిటర్‌గా ఉన్నారు. కుదురుగా ఉన్న ఆ ఉద్యోగం వదిలి, 1993లో టైమ్స్ ఆఫ్ ఇండియా ఇచ్చిన ఫెలోషిప్‌తో దేశంలోని అతి పేద జిల్లాలకు బయలుదేరారు. ఒడిశా, బీహార్, మధ్యప్రదేశ్, తమిళనాడు పల్లెల్లో తిరిగారు. అందులో వేల కిలోమీటర్లు కాలినడకనే. ఆ వార్తలన్నీ కలిపి 1996లో 'ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రాట్' అనే పుస్తకంగా వచ్చాయి. మంచి కరువొస్తే అందరికీ ఇష్టమే అని ఆ పేరుకు అర్థం. కరువు నిధులతో కాంట్రాక్టర్లు బాగుపడతారు, ఎండిన ఊరు ఎండినట్టే ఉంటుంది. ఈ పేరును మన జిల్లా వాళ్లకు విడమరచి చెప్పాల్సిన పని లేదు.

ఆ పుస్తకంలో ఆదివాసుల కథలు చాలా ఉన్నాయి. కోరాపుట్ జిల్లాలోని చికాపార్ ఊరిని 1968లో మిగ్ యుద్ధవిమానాల కర్మాగారం కోసం ఖాళీ చేయించారు. వాళ్లు వేరేచోట ఇళ్లు కట్టుకుని, పాత ఊరి మీద ప్రేమతో దానికీ చికాపార్ అనే పేరు పెట్టుకున్నారు. 1980లలో కోలాబ్ ప్రాజెక్టు, నౌకాదళ ఆయుధ డిపోల పేరుతో అక్కడి నుంచీ లేవాల్సి వచ్చింది. మూడోచోటికి పోయినా వెళ్లగొట్టే మాట వెంటాడుతూనే ఉంది. అభివృద్ధి పేరుతో భూమి ఇచ్చేది ఒకరు, ఫలితం అందుకునేది మరొకరు అన్న సంగతి ఈ ఒక్క ఊరి చరిత్రలో కనిపిస్తుంది.

మల్కన్‌గిరిలోని ధురువాల కథ ఇంకా విచిత్రం. ప్రభుత్వ పట్టికలో ఆ తెగ పేరు స్పెల్లింగుకూ, వాళ్లు చెప్పుకునే పేరుకూ అక్షరం తేడా ఉంది. ఆ తేడా వల్లే ఆదివాసులన్న ధ్రువపత్రం దొరక్క, చదువులోనూ ఉద్యోగాల్లోనూ రావాల్సినవి పోగొట్టుకున్నారు. మన పిల్లల కాగితాల్లోనూ ఒకచోట సుగాలి, ఒకచోట లంబాడి, మరొకచోట ఉత్త నాయక్ అని ఉంటే ఏమవుతుందో ఉపాధ్యాయులకు తెలుసు. అక్షరం చిన్నదే కావచ్చు, దాని దెబ్బ ఒక తరం మీద పడుతుంది.

తర్వాత సాయినాథ్ మన జిల్లా మీదా రాశారు. ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది. అంతకుముందు ఈ మూడు పట్టణాలూ అనంతపురం జిల్లాలోవే. 1997 నుంచి 2000 వరకు ఆ జిల్లాలో 1,800 మందికి పైగా ఆత్మహత్య చేసుకున్నారనీ, ముఖ్య కారణం అప్పులేననీ ఆయన బయటపెట్టారు. శాసనసభకు చెప్పిన లెక్క మాత్రం 54. మిగతావాళ్లు ఏమయ్యారు? పోలీసు రికార్డుల్లో చాలా చావులకు కారణం 'కడుపునొప్పి' అని ఉంది. పురుగుల మందు తాగినవాడికి కడుపు నొప్పి రాక ఏమవుతుంది? నొప్పిని రాసుకున్నారు, అప్పును వదిలేశారు.

ఆయన చూపించిన మరో సంగతి మనకు ఇంకా దగ్గరిది. పేరు మీద పట్టా ఉంటేనే రైతు అంటారు. కౌలుకు చేసేవాడు, భర్త పేరు మీద ఉన్న పొలం దున్నే ఆడమనిషి, పట్టా లేని భూమి సాగుచేసే దళితుడు, ఆదివాసి చనిపోతే రైతు లెక్కలోకి రారు. అలా చాలామందిని వదిలేసిన తర్వాత కూడా, 1995 నుంచి 2010 వరకు దేశంలో 2.5 లక్షలకు పైగా రైతుల ఆత్మహత్యలు జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కల్లో ఉన్నాయి. అసలు సంఖ్య ఎంతో ఊహించుకోవచ్చు.

సాయినాథ్ 2004 నుంచి 2014 వరకు 'ది హిందూ'లో గ్రామీణ వ్యవహారాల సంపాదకులుగా పనిచేశారు. 2007లో రామన్ మెగసెసె అవార్డు అందుకున్నారు. ఇదంతా చేస్తూనే ముంబైలోని సోఫియా పాలిటెక్నిక్‌లో, చెన్నైలోని ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజంలో పాఠాలు చెప్పారు. 2014 డిసెంబరులో 'పరి' అనే పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియాను ప్రారంభించారు. పల్లె జనం బతుకు, పని, పాటలు, భాషలు అందులో తెలుగు సహా అనేక భాషల్లో ఉన్నాయి. విద్యార్థులు రాసినవీ, ఆదివాసీ పిల్లలు గీసిన బొమ్మలూ అక్కడ చోటు చేసుకున్నాయి.

2022లో వచ్చిన ఆయన పుస్తకం 'ది లాస్ట్ హీరోస్' స్వాతంత్ర్యం కోసం పోరాడిన మామూలు మనుషుల గురించి. అందులో దేమతి దేయి అనే సబర ఆదివాసీ స్త్రీ ఉంది. 1930లో ఒడిశాలోని సలిహా గ్రామం మీద పోలీసులు దాడి చేసి ఆమె తండ్రిని కాల్చినప్పుడు, 16 ఏళ్ల ఆ పిల్ల లాఠీ తీసుకుని తుపాకీ ఉన్న అధికారినే తరిమికొట్టింది. ముసలితనంలో ఆమెకు పింఛను లేదు. చేతిలో ఒక ధ్రువపత్రం ఉంది, అందులోనూ తండ్రి గురించే ఎక్కువగా ఉంది. ఆమె ఎదురుదాడి ఊసే లేదు.

మన గురించి ఇతరులు రాసిన కాగితాలు మనకు కొత్త కాదు. ఎరుకల, సుగాలి వంటి జాతులను పుట్టుకతోనే నేరస్థులని రాసిన చట్టం 1952 దాకా ఉంది. ఆ రాతను మోసినవాళ్ల మనవలు, మునిమనవలే ఇప్పుడు మన తరగతి గదుల్లో కూర్చున్నారు. తప్పుడు రాతకు జవాబు సరైన రాతే. సాయినాథ్ మనకు నేర్పే పద్ధతి పెద్ద డిగ్రీలు అడగదు. మనిషి దగ్గరికి నడిచి వెళ్లడం, అతను చెప్పింది పూర్తిగా వినడం, దాన్ని సర్కారు లెక్క పక్కన పెట్టి చూడటం, తేడా ఎక్కడ వచ్చిందో రాయడం, ఇంతే.

యువకులారా, మీ తండా ఎప్పుడు ఏర్పడిందో, మొదట ఏ బావి తవ్వారో, ఏ ఏడు కరువుకు ఎవరెవరు వలస పోయారో, ఎవరు తిరిగి రాలేదో అవ్వా తాతలను అడగండి. పేర్లతో, సంవత్సరాలతో నోటుపుస్తకంలో రాయండి. ఉపాధ్యాయులు దాన్ని సాంఘికశాస్త్రం ప్రాజెక్టుగా ఇవ్వవచ్చు. చెప్పగలిగిన ముసలివాళ్లు ఏటా తగ్గిపోతున్నారు. ఈ పనిని వచ్చే వేసవి సెలవుల దాకా కూడా ఆపకూడదు.