తన పాట, తన గొంతులో

పాట కట్టిన స్త్రీని మరిచిపోయి, పాడినవాళ్లనే గుర్తుపెట్టుకోవడం చరిత్రకు అలవాటు. న్యూయార్క్‌లో 1947లో పుట్టిన లారా నైరో రాసిన ‘వెడ్డింగ్ బెల్ బ్లూస్’ 1969లో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. అయితే అది ఫిఫ్త్ డైమెన్షన్ బృందం పాడిన పాటగా. ‘స్టోనీ ఎండ్’ బార్బ్రా స్ట్రైసాండ్ పాటయిపోయింది.

1971 మే 30న ఫిల్మోర్ ఈస్ట్ వేదిక మీద లారా ఒక్కతే పియానో ముందు కూర్చుని పాడింది. ఆ కచేరీ ఆల్బమ్‌గా వచ్చింది మాత్రం 2004లో. అప్పటికి ఆమె పోయి ఏడేళ్లు. అండాశయ క్యాన్సర్ 49 ఏళ్లకే ఆమెను తీసుకుపోయింది.

వాద్యబృందం లేదు కనుక లయ పూర్తిగా ఆమె చేతుల్లోనే ఉంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ పరుగెత్తాలో ఆమే నిర్ణయించుకుంటుంది. విన్నాక నాకనిపించింది: పాట కింద పేరుండటం ఒక హక్కు, దాన్ని తన పద్ధతిలో పాడుకోవడం మరో హక్కు. రెండోదానికి సాక్ష్యం ఈ రికార్డు. అది మనకు చేరడానికి మాత్రం 33 ఏళ్లు పట్టింది.