టెలిగ్రాఫ్ చట్టం నుంచి వాట్సాప్ తాళం దాకా

భారతదేశంలో ఒకరు మరొకరికి పంపిన సందేశాన్ని మధ్యలో ఆపి చదివే అధికారం ప్రభుత్వానికి ఎలా సంక్రమించిందని వెతుకుతూ వెనక్కి వెళితే, 1885 నాటి భారత టెలిగ్రాఫ్ చట్టంలోని ఐదో సెక్షన్ ఎదురవుతుంది. ప్రజా అత్యవసర పరిస్థితి తలెత్తినప్పుడు గానీ, ప్రజాభద్రత కోరినప్పుడు గానీ, ఏ తంతి సందేశాన్నయినా ఆపవచ్చునని, పట్టుకోవచ్చునని, ప్రభుత్వానికి వెల్లడి చేయించవచ్చునని ఆ సెక్షన్ చెప్పింది. టెలిఫోను కూడా ఆ చట్టం ఇచ్చిన విశాలమైన నిర్వచనంలోనే ఒదిగిపోవడంతో, తంతి కోసం వలస ప్రభుత్వం రాసుకున్న ఆ వాక్యమే స్వతంత్ర భారతంలో ఫోన్ ట్యాపింగ్‌కు ఆధారమైంది.

ఆ కాలపు సాంకేతికతలో సందేశాన్ని వెల్లడి చేయడమంటే పెద్ద పని కాదు. తంతి కార్యాలయంలో రాసిచ్చిన మాటలను గుమాస్తా చదివితే తప్ప అవి మోర్స్ సంకేతాలుగా మారి తీగ మీద ప్రయాణించేవి కావు. అయినా గుట్టు అప్పుడూ ఉంది. మాటకింత అని వసూలు చేసే రుసుము తగ్గించుకోవడానికి, బేరసారాలు పోటీదారుల చెవిన పడకుండా చూసుకోవడానికి వర్తకులు సంకేత పదాల పుస్తకాలు వాడేవారు. అంతర్జాతీయ తంతి నియమాలు సాదా భాషను, కోడ్ భాషను, సైఫర్‌ను, అంటే అక్షరాలను లేదా అంకెలను తారుమారు చేసిన రహస్య లిపిని, వేర్వేరుగా గుర్తించాయి. గమనించవలసిన సంగతేమిటంటే, 1885 చట్టంలోని ఐదో సెక్షన్ సందేశాన్ని అడిగిందే కానీ దాని కోడ్ విప్పి చెప్పాలని పంపినవారిని అడగలేదు.

ఈ అధికారానికి హద్దు గీసే ప్రయత్నంలో తెలుగు న్యాయమూర్తుల పాత్ర చెప్పుకోదగ్గది. ఉత్తరప్రదేశ్ పోలీసుల నిఘా నిబంధనలను సవాలు చేసిన ఖరక్ సింగ్ కేసులో 1962లో సుప్రీంకోర్టు మెజారిటీ, రాత్రివేళ ఇళ్లకు వెళ్లి తలుపు తట్టే పద్ధతిని కొట్టివేస్తూనే, గోప్యత ప్రాథమిక హక్కు కాదని తేల్చింది. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు, జస్టిస్ జె.సి. షాతో కలిసి, అందుకు అంగీకరించక, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమని అసమ్మతి తీర్పు రాశారు. ఆ అసమ్మతి నెగ్గడానికి యాభై అయిదేళ్లు పట్టింది: పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యతను ఏకగ్రీవంగా ప్రాథమిక హక్కుగా గుర్తించారు, కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఆ ధర్మాసనంలో ఉండి విడిగా తీర్పు రాశారు. ఈ రెంటికీ నడుమ, 1996 డిసెంబరులో, పౌరహక్కుల ప్రజాసంఘం వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు ట్యాపింగ్‌కు హోం కార్యదర్శి ఉత్తర్వు ఉండాలని, రెండు నెలల గడువు పెట్టాలని, పొడిగించినా మొత్తం ఆరు నెలలు మించరాదని, ఉత్తర్వులను సమీక్షా సంఘం పరిశీలించాలని ఆదేశించింది. ముందుగా న్యాయమూర్తి అనుమతి తీసుకోవాలన్న అభ్యర్థనను మాత్రం, చట్టంలో అటువంటి ఏర్పాటు లేదన్న కారణంతో, అంగీకరించలేదు.

అప్పటివరకు జరిగిన వాదమంతా వినే అధికారం గురించే. ఇంటర్నెట్ వచ్చాక వాదం తాళం మీదికి మళ్లింది. సందేశాన్ని గణిత సూత్రంతో అర్థంకాని అక్షరాల రాశిగా మార్చి, తగిన ‘కీ’ ఉన్నవారికే తిరిగి చదవనిచ్చే పద్ధతిని ఎన్‌క్రిప్షన్ అంటారు. ఆ కీ పొడవును బిట్లలో కొలుస్తారు, ఒక్కో బిట్ పెరిగినప్పుడల్లా ప్రయత్నించి చూడవలసిన కీల సంఖ్య రెట్టింపవుతుంది. ఇంటర్నెట్ సంస్థల లైసెన్సుల్లో కేంద్రం పెట్టిన షరతు ప్రకారం 40 బిట్లు దాటిన ఎన్‌క్రిప్షన్ వాడాలంటే ముందస్తు అనుమతి పొందడమే కాక, కీని రెండు ముక్కలు చేసి ప్రభుత్వం వద్ద జమచేయాల్సి ఉండేది. నలభై బిట్లంటే సుమారు 1.1 లక్షల కోట్ల కీలు. వినడానికి ఇది పెద్ద సంఖ్యే అయినా, 1997 జనవరిలోనే బర్కిలీ విశ్వవిద్యాలయ విద్యార్థి ఇయాన్ గోల్డ్‌బర్గ్ ఆ పొడవున్న కీని మూడున్నర గంటల్లో ఛేదించాడు. 2001లో రిజర్వు బ్యాంకు ఇంటర్నెట్ బ్యాంకింగ్‌కు కనీసం 128 బిట్లు ఉండాలని చెప్పింది. ఒకే ప్రభుత్వ వ్యవస్థలో ఒక చేయి బలమైన తాళం వేయమంటుంటే మరో చేయి బలహీనమైనదే చాలన్నదన్నమాట.

ముంబయి దాడుల తరువాత, 2008 డిసెంబరులో పార్లమెంటు సవరించిన ఐటీ చట్టంలోని 69వ సెక్షన్, సందేశాన్ని విప్పడంలో సహకరించనివారికి ఏడేళ్ల వరకు జైలు శిక్ష విధించవచ్చునంది. 2015 సెప్టెంబరులో వెలువడిన జాతీయ ఎన్‌క్రిప్షన్ విధానం ముసాయిదా ఇంకా ముందుకు వెళ్లి, పౌరులు తమ సందేశాల సాదా ప్రతిని 90 రోజులు దాచి, అడిగినప్పుడు చూపాలని ప్రతిపాదించి, నిరసన చెలరేగడంతో ఒకటి రెండు రోజుల్లోనే ఉపసంహరణకు గురైంది. అది అమలైతే అలా దాచిన సాదా ప్రతులు దొంగల చేతికీ చిక్కే ప్రమాదం ఉండేది.

2016 ఏప్రిల్‌లో వాట్సాప్ పూర్తిస్థాయిలో ‘ఎండ్ టు ఎండ్’ ఎన్‌క్రిప్షన్‌కు మారింది. ఈ పద్ధతిలో కీలు పంపినవారి, అందుకున్నవారి ఫోన్లలోనే ఉంటాయి కనుక మధ్యనున్న సంస్థ కూడా సందేశాన్ని చదవలేదు. గుమాస్తా లేని తంతి ఇది. దీనికి ప్రతిగా 2021 ఫిబ్రవరి 25న వెలువడిన ఐటీ నియమాలు, 50 లక్షలకు పైగా వినియోగదారులున్న సందేశ వేదికలు ఒక సందేశాన్ని దేశంలో మొదట పంపినదెవరో గుర్తించగలగాలని ఆదేశించాయి. పుకార్లు మూకదాడులకు దారితీసిన ఘటనలు, పిల్లలపై లైంగిక అకృత్యాల దృశ్యాల వ్యాప్తి ఈ ఆదేశం వెనుక ఉన్న వాస్తవ సమస్యలే, వాటిని కొట్టిపారేయడం తగదు. కానీ ఏ సందేశం గురించి రేపు అడుగుతారో ముందుగా తెలియదు కనుక, ప్రతి సందేశానికీ ఆనవాలు నిలిపి ఉంచక తప్పదు. ఇదే కారణం చూపుతూ వాట్సాప్ 2021 మేలో ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. ఎన్‌క్రిప్షన్‌ను ఛేదించమంటే దేశం నుంచి తప్పుకోవలసి వస్తుందని 2024 ఏప్రిల్‌లో దాని న్యాయవాది కోర్టుకు చెప్పారు.

పోలీసుల కోసం పెట్టిన ద్వారం పోలీసులకే పరిమితం కాదనడానికి గ్రీసు ఉదాహరణ చాలు. అక్కడి వొడాఫోన్ ఎక్స్ఛేంజీలలో చట్టబద్ధమైన ట్యాపింగ్ కోసం ఉన్న సాఫ్ట్‌వేర్‌ను 2004, 2005 సంవత్సరాల్లో ఆగంతకులు వశపరచుకుని, ప్రధానమంత్రి కోస్తాస్ కరమన్లిస్ సహా సుమారు వందమంది ఫోన్లు విన్నారు. చట్టబద్ధమైన అధికారమే దారి తప్పిందన్న ఆరోపణ తెలుగువారికీ కొత్త కాదు. తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ వ్యవహారంలో 2024 మార్చిలో హైదరాబాద్ పోలీసులు కేసు నమోదు చేసి, తమ శాఖకు చెందిన అధికారులనే అరెస్టు చేశారు.

1885 చట్టం స్థానంలో తెచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం పాత అధికారాన్ని దాదాపు అదే వరుసలో తిరిగి రాసి, సందేశాన్ని అర్థమయ్యే రూపంలో వెల్లడించాలన్న మాటను అదనంగా చేర్చింది. వలస పాలకులు అడగని కోడ్ విప్పే బాధ్యతను ఈ చేర్పు టెలికాం చట్టంలోకి కూడా తెచ్చిపెట్టింది. దానికి దీటుగా రక్షణలు మాత్రం పెరగలేదు. 2024 డిసెంబరులో వెలువడిన నియమాల ప్రకారం కూడా సాధారణంగా ఉత్తర్వు ఇచ్చేది హోం కార్యదర్శి, దాన్ని సమీక్షించేది మరికొందరు కార్యదర్శులు; న్యాయమూర్తికి అందులో చోటు లేదు.