పెట్టమారు పుంజు

పెట్టమారు పుంజు (పెట్టమారు అని కూడా అంటారు) అనగా ఒంటిమీది ఈకలు కోడిపెట్ట ఈకలను పోలి ఉండే కోడిపుంజు. కోస్తా ఆంధ్రలో నాటుకోళ్ళను, ముఖ్యంగా పందెపు కోళ్ళను పెంచేవారి వాడుకలో ఈ పేరు ఉన్నది. మామూలు పుంజుకు మెడమీద, నడుముమీద మొనదేలిన పొడవైన ఈకలు, తోకలో కొడవలివలె వంగిన ఈకలు ఉంటాయి. పెట్టమారుకు ఇవి ఉండవు. దాని మెడ, నడుము, తోక ఈకలు పొట్టిగా, చివర గుండ్రంగా ఉంటాయి. అయితే కూత, కాలి ముల్లు, దూకుడు మాత్రం పుంజువే. ప్రత్యర్థి దీనిని పెట్టగా పొరబడుతుందనే నమ్మకం వలన పందెపు బరులలో దీనికి ప్రత్యేకమైన పేరు వచ్చింది.

సాధారణ నియమం

పెంపుడు కోళ్ళకు మూలం ఎర్ర అడవికోడి. అందులోనూ, నేటి నాటుకోళ్ళలోనూ పుంజును, పెట్టను ఈకలను బట్టి దూరం నుండే గుర్తించవచ్చును. పుంజు ఈకలు పురుష హార్మోను వలన ఏర్పడతాయని చాలామంది భావిస్తారు. వాస్తవం ఇందుకు భిన్నమైనది. వృషణాలు తొలగించిన పుంజుకు కూడా పుంజు ఈకలే వస్తాయి. అండాశయం తొలగించిన పెట్టకు సైతం తరువాత మొలిచే ఈకలు పుంజు ఈకలవలె ఉంటాయి. అనగా కోళ్ళలో పుంజు ఈకలే మూల రూపం. ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోను ఆ రూపాన్ని మార్చి పెట్ట ఈకలను కలుగజేస్తుంది. ముసలితనంలోనో, జబ్బు వలననో అండాశయం పనిచేయని పెట్టకు పుంజు ఈకలు రావడానికి కారణం ఇదే. అటువంటి పెట్ట ఒక్కొక్కప్పుడు కూత కూడా పెడుతుంది. పెట్ట కూస్తే అరిష్టమని పల్లెలలో ఒక నమ్మకం ఉన్నది. పెట్టమారు ఇందుకు తలక్రిందులైన స్థితి.

శాస్త్రీయ కారణం

పుంజుకు పెట్ట ఈకలు ఉండే లక్షణం సెబ్రైట్, కాంపైన్ అనే ఐరోపా జాతులలో బాగా పరిశోధించబడినది. అమెరికా జన్యుశాస్త్రవేత్త థామస్ హంట్ మోర్గాన్ 1919లో ప్రచురించిన పరిశోధనలో, వృషణాలు తొలగించిన సెబ్రైట్ పుంజుకు మామూలు పుంజు ఈకలు మొలుస్తాయని చూపించాడు. దీనినిబట్టి ఆ పక్షి వృషణాల నుండి వచ్చే హార్మోనే ఏదో విధంగా పెట్ట ఈకలకు దారితీస్తున్నదని తెలిసింది.

ఆ విధానం తరువాతి కాలంలో బయటపడింది. ఆరోమటేజ్ అనే ఎంజైము పురుష హార్మోనును ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. మామూలు పుంజు చర్మంలో ఈ ఎంజైము చెప్పుకోదగినంతగా ఉండదు. ఈ లక్షణం గల పుంజు చర్మంలో అది అధికంగా తయారవుతుంది. అందువలన ఈకలు మొలిచే చోటనే పురుష హార్మోను ఈస్ట్రోజన్‌గా మారిపోతుంది. ఎన్నడో కోడి జన్యురాశిలో కలిసిపోయిన ఒక రెట్రోవైరస్ ముక్క ఆరోమటేజ్ జన్యువు చెంత చేరడమే ఇందుకు మూలమని 2019లో ప్రచురితమైన పరిశోధన వెల్లడించింది.

ఈ జన్యువు లింగ క్రోమోజోముపై లేదు. కనుక తల్లి నుండి గాని, తండ్రి నుండి గాని పిల్లలకు సంక్రమిస్తుంది. పెట్టలకు ఎటూ పెట్ట ఈకలే ఉంటాయి కాబట్టి, వాటిలో ఈ జన్యువు ఉన్నదీ లేనిదీ కంటికి కనిపించదు. వాటికి పుట్టిన పుంజు పిల్లలు ఈకలు మార్చుకొని ఎదిగినప్పుడే తెలుస్తుంది.

కుక్కుట శాస్త్రంలో స్థానం

కుక్కుట శాస్త్రం పందెపు కోళ్ళ గెలుపోటములను రంగు, పక్షం, వారం, వేళలను బట్టి చెప్పే సంప్రదాయం. ఇది జ్యోతిషంలోని పంచపక్షి పద్ధతిని అనుసరిస్తుంది. ఈ పద్ధతిలో డేగ, పింగళి, కాకి, కోడి, నెమలి అని ఐదు పక్షులు ఉన్నవి. పగటిని ఐదు భాగాలు చేస్తారు. పగలు 12 గంటలైతే ఒక్కొక్క భాగం 2 గంటల 24 నిమిషాలు. ఒక్కో భాగంలో ఒక్కో పక్షి భోజనం, గమనం, రాజ్యం, నిద్ర, మరణం అనే ఐదు అవస్థలలో ఒకదానిలో ఉంటుంది. రాజ్యావస్థలో ఉన్న పక్షి బలమైనది, మరణావస్థలో ఉన్నది బలహీనమైనది అని లెక్క.

ఇందుకొరకు పుంజులను ముందుగా రంగును బట్టి విభజిస్తారు. వానిలో కొన్ని:
* కాకి - నల్లని ఈకలు గలది
* సేతువ - తెల్లని ఈకలు గలది
* డేగ - ఎర్రని ఈకలు గలది
* నెమలి - రెక్కలమీద లేదా వీపుమీద పసుపు ఈకలు గలది
* సవల - మెడమీద నల్లని ఈకలు గలది
* పర్ల - మెడమీద నలుపు, తెలుపు ఈకలు సమానంగా గలది
* మైల - ఎరుపు, బూడిద రంగు ఈకలు కలిసినది

వీటిలో నెమలి, సవల, పర్ల వంటి పేర్లు మెడ, వీపు ఈకలను చూసి నిర్ణయించేవి. పెట్టమారులో సరిగ్గా ఆ ఈకలే మారిపోతాయి. ఆకారమే కాక వాటి రంగుల పొందిక కూడా పెట్టను పోలి ఉంటుంది. అందువలన ఈ పక్షిని ఏ రంగు క్రింద లెక్కించాలో తేల్చడం కష్టం. రంగు తేలనిదే అవస్థ తేలదు. కుక్కుట శాస్త్రపు ఫలితాలకు జీవశాస్త్ర ఆధారం లేదు. అయినను ఆ లెక్కను నమ్మి పెద్ద మొత్తాలు ఒడ్డేవారు ఉన్నారు.

బరిలో ప్రయోజనంపై నమ్మకం

పెట్టమారును ఎదుర్కొన్న పుంజు దానిని పెట్ట అనుకొని క్షణకాలం తటపటాయిస్తుందని, ఆ క్షణంలో పెట్టమారు దెబ్బ తీస్తుందని చెబుతారు. కాలికి కత్తి కట్టి విడిచే పందెంలో ఒక్క దెబ్బతోనే పక్షి చనిపోవచ్చును. కనుక క్షణానికి విలువ ఉన్నది. ప్రత్యర్థికి చూపకుండా పుంజును కప్పి తెచ్చే ముసుగు పందెంలో ఇటువంటి పక్షి బయటపడటం ఎదుటి పక్షానికి ఆశ్చర్యం కలిగిస్తుంది.

ఈ నమ్మకానికి పరిమితులు ఉన్నవి. కోళ్ళు ఒకదానినొకటి ముఖ్యంగా తల, మెడ భాగాలను చూసి గుర్తిస్తాయని గూల్, ఆర్ట్‌మన్ అనే శాస్త్రవేత్తలు 1953లో తెలిపారు. పెట్టమారు మెడ ఈకలు మారినా, తలమీది జుట్టు పుంజుదే. పైగా అది పుంజువలె నిలబడి, పుంజువలె మీదికి దూకుతుంది. కాబట్టి పొరపాటు కలిగినా అది ఎంతోసేపు నిలిచేది కాదు. అయితే పందెపు కోళ్ళలో ప్రసిద్ధమైన ఆసీల్ జాతికి జుట్టు చాలా చిన్నది. తల గుర్తు బలహీనంగా ఉన్న అటువంటి పక్షులలో ఈకల ప్రభావం కొంత ఎక్కువగా ఉండే అవకాశం ఉన్నది.

పోలికలు

ఆడదానివలె కనిపించే మగ పక్షులు అడవిలోనూ ఉన్నవి. రఫ్ అనే వలస పక్షిలో పెద్ద మగవి మెడచుట్టూ ఈకల పట్టీతో పోట్లాడుకుంటాయి. కొన్ని మగవి మాత్రం ఆడవానివలె ఉండి, పోరు లేకుండానే వాటి నడుమ తిరిగి జతకడతాయి. వీటిని 2006లో శాస్త్రవేత్తలు వివరించారు.

జీవులను పోరుకు దింపే కంప్యూటర్ ఆటలలోనూ ఇటువంటి ఊహ కనిపిస్తుంది. పోకెమాన్ ఆటలో నీరు నిప్పును గెలుస్తుంది అన్నట్లు సాధారణ నియమాలు ఉంటాయి. 2002లో జపానులో విడుదలైన రూబీ, సఫైర్ ఆటలలో ఆ నియమాలను తప్పించే ప్రత్యేక లక్షణాలు ప్రవేశపెట్టబడినవి. షెడింజా అనే జీవికి ప్రాణబలం ఒకటే. కానీ దానికి విరుద్ధమైన తరగతి దాడులు తప్ప ఇతర నేరు దాడులేవీ దానిని తాకవు. ఆ ఆటలో ఓడిన జీవి మరల లేస్తుంది. బరిలో కత్తి దెబ్బ తిన్న పుంజు లేవదు.

చట్టం

జంతువులను పోరుకు ఉసిగొల్పడం, అందుకు స్థలాన్ని ఏర్పాటు చేయడం జంతుహింస నివారణ చట్టం, 1960 ప్రకారం నేరం. పందెం కాయడం ఆంధ్రప్రదేశ్ జూద చట్టం, 1974 క్రిందికి వస్తుంది. 2016 డిసెంబరులో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు కోడిపందాలను అరికట్టవలెనని ఆదేశించింది. అయినను సంక్రాంతి రోజులలో గోదావరి, కృష్ణా ప్రాంతాలలో బరులు వెలుస్తూనే ఉన్నవి. ఈ చట్టాలు ఈకలను బట్టి ఏ పక్షికీ మినహాయింపు ఇవ్వలేదు.

కోళ్ళను పెంచడం మాత్రం నేరం కాదు. గోదావరి డెల్టా నుండి తిరువూరు, ఎ.కొండూరు వంటి మెట్ట మండలాల వరకు నాటుకోళ్ళు ఇంటింటి ఆదాయ వనరు. పెట్టమారు వంటి అరుదైన లక్షణాలు ఈ నాటు మందలలోనే నిలిచి ఉంటాయి. అవి జన్యు వైవిధ్యంలో భాగం. బరిలో చచ్చిన పుంజుతోపాటు దాని సంతానం ద్వారా రావలసిన లక్షణం కూడా మందకు దూరమవుతుంది.

ఇవి కూడా చూడండి
* కోడి పందెం
* కుక్కుట శాస్త్రం
* పంచపక్షి శాస్త్రం
* సంక్రాంతి