సినిమాల్లో 'తురకోడు' ఎప్పుడూ ఒకేలా ఎందుకుంటాడు? | న్యాల్‌కల్ నుంచి బీదర్ దాకా

న్యాల్‌కల్ నుంచి మాట్లాడుతున్నా.

సినిమాలో సుల్తాను వచ్చాడని మనకు ఎట్లా తెలుస్తది? పేరు చెప్పకముందే తెలుస్తది. తెర చీకటి పడుతుంది, కళ్లకు సుర్మా, చేతిలో మాంసం ముక్క, వెనక ఓ భయంకరమైన 'ఆ... ఆ...' అనే ఆలాపన. నోరు తెరిస్తే వంకర తెలుగు. ఆయన ఢిల్లీవాడా, గోల్కొండవాడా, ఏ వందేళ్లవాడు అన్నది ఎవరికీ పట్టదు. అందరికీ ఒకటే డ్రెస్సు, ఒకటే నవ్వు. పాత తెలుగులో తురుష్కుడు, మన ఇంటి భాషలో తుర్కోడు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మా న్యాల్‌కల్ నుంచి బండెక్కితే గంటలోపే బీదర్. అసలు తుర్కులు ఎవరో తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి చోటు దొరకదు. 15వ శతాబ్దంలో బహమనీలు గుల్బర్గా నుంచి రాజధానిని బీదర్‌కు మార్చారు. ఆ దర్బారులో తుర్కులున్నారు, ఇరానీలున్నారు, ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్షీలున్నారు, ఇక్కడే పుట్టిన దక్కనీలున్నారు. అందరిదీ ఒకే మతం కదా, కలిసున్నారనుకుంటున్నారా? అస్సలు కాదు. బయటి నుంచి వచ్చినోళ్లను 'ఆఫాకీలు' అనేవాళ్లు. వాళ్లకీ దక్కనీలకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. బీదర్‌లో మదర్సా కట్టించిన మహమూద్ గవాన్ ఇరాన్‌లోని గీలాన్ వాడు. ఆయనంటే పడని దక్కనీ సర్దార్లు ఆయన ముద్రతో ఓ దొంగ ఉత్తరం పుట్టించారు. దాన్ని నమ్మి 1481లో సుల్తాను ఆయన తల తీయించాడు. ఎంత పెద్ద సినిమా కథ ఇది! కానీ ఇందులో హిందూ హీరో లేడు, ముస్లిం విలన్ లేడు. రెండు వైపులా ముస్లింలే. అందుకే కాబోలు, మన నిర్మాతల కన్ను దీని మీద పడదు.

అదే బీదర్ దర్బారుకు హమదాన్ నుంచి కులీ అనే కుర్రాడు వచ్చాడు. కారా కొయున్లు అనే తుర్క్‌మాన్ తెగ రాజవంశం వాడు. అంటే పక్కా తుర్కు. గోల్కొండ కుతుబ్‌షాహీ రాజ్యం మొదలుపెట్టింది ఈయనే. 1543లో ఈయన హత్య జరిగాక చిన్న కొడుకు ఇబ్రహీం ప్రాణం దక్కించుకోవడానికి ఎక్కడికి పారిపోయాడో తెలుసా? విజయనగరానికి! అక్కడ రామరాయల నీడన ఏడేళ్లున్నాడు. 1550లో తిరిగొచ్చి గోల్కొండ గద్దెనెక్కాడు. తెలుగు కవులు ఆయన్ని ముద్దుగా 'మల్కిభరాముడు' అన్నారు. అద్దంకి గంగాధరకవి తన 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు.

సరే, మరి 1565లో తళ్లికోట యుద్ధం సంగతేంది? అదే ఇబ్రహీం మిగతా సుల్తానులతో కలిసి, తనకు అన్నం పెట్టిన రామరాయల మీదికే పోయాడు. బీదర్ బరీద్‌షాహీలు కూడా ఆ కూటమిలో ఉన్నారు. రామరాయలు యుద్ధంలో చచ్చిపోయాడు, విజయనగరం పాడైపోయింది. దీన్ని మతయుద్ధంలా చూపిస్తే సినిమా రెండు గంటల్లో అయిపోతుంది. ఏడేళ్లు ఒక ఇంట్లో తలదాచుకున్నోడు ఆ ఇంటి మీదికే కత్తి ఎత్తాడు అని చూపిస్తే? నాకైతే అదే కావాలి.

ఇంకొకటి. మన సంగారెడ్డి జిల్లాలోనే పటాన్‌చెరు ఉంది కదా. కుతుబ్‌షాహీల కాలంలో అక్కడ అమీన్‌ఖాన్ అని ఓ అధికారి ఉండేవాడు. సంస్కృతం వాసన లేకుండా అచ్చతెలుగులో వచ్చిన తొలి కావ్యం పొన్నెగంటి తెలగనార్యుని 'యయాతి చరిత్ర'. అది అంకితం తీసుకున్నది ఈ అమీన్‌ఖానే. వంకర తెలుగు మాట్లాడే సుల్తానును సినిమాలో చూసినప్పుడల్లా నాకు ఈయన గుర్తొస్తాడు.

అట్లని అన్నీ పూలే అని నేను చెప్పట్లేదు. 1323లో ఢిల్లీ సైన్యం ఓరుగల్లును పట్టుకుంది, స్వయంభూ దేవాలయాన్ని కూల్చింది. కోటలో మిగిలిన కీర్తి తోరణాలే సాక్ష్యం. సినిమావాళ్లు దాన్ని గాలిలోంచి పుట్టించలేదు. కానీ ఆ కథకు రెండో సగం కూడా ఉంది. ఓరుగల్లు కొలువులో పనిచేసిన ఓ తెలుగోడు బందీగా ఢిల్లీ పోయి, మతం మారి, మాలిక్ మక్బూల్ అయ్యాడు. ఫిరోజ్ షా తుగ్లక్‌కు వజీరయ్యాడు! ఇప్పుడు ఈయన్ని ఏ మేకప్పులో చూపిస్తారు?

'పద్మావత్' సంగతీ ఇంతే. చిత్తోడ్ పడింది 1303లో. జాయసీ పద్మావతి కథ రాసింది 1540లో. మధ్యలో 237 ఏళ్లు. తెర మీద ఖిల్జీ అడవిజంతువులా మాంసం పీకుతాడు. తమాషా ఏందంటే, ఢిల్లీలో పాత తుర్కు సర్దార్లు ఖిల్జీలను అసలు తుర్కులుగానే ఒప్పుకోలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నా అంటే, తెర మీది మాట తెర మీదే ఆగదు. నేను టెన్త్‌లో ఉన్నప్పుడు ఒక సినిమా వచ్చింది. మర్నాటి నుంచి మా క్లాసులో ఒక దోస్తును అందరూ 'ఓ సుల్తాన్' అని పిలిచారు. వాళ్ల నాన్న జహీరాబాద్‌లో మెకానిక్. తుర్కీ ఏ దిక్కున ఉందో వాళ్లింట్లో ఎవరికీ తెలీదు. తెలుగు, కన్నడ, దక్కనీ మూడూ మాకంటే బాగా మాట్లాడతారు. వాడు నవ్వి ఊరుకునేవాడు. కొన్నాళ్లకు మాతో సినిమాలకు రావడం మానేశాడు.

ఇక 'రజాకార్', 2024లో వచ్చింది. రజాకార్ల దారుణాలు నిజం. బైరాన్‌పల్లి నిజం, బీదర్ జిల్లా గోర్ట నిజం. కానీ రజాకార్లకు ఎదురు రాసినందుకు 1948 ఆగస్టులో వాళ్ల చేతిలో చచ్చిపోయిన జర్నలిస్టు పేరు షోయబుల్లాఖాన్. 'ఇమ్రోజ్' పత్రిక ఎడిటర్. అదే ఏడు సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ అయ్యాక ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వం సుందర్‌లాల్ కమిటీని పంపింది. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ముస్లింలు చనిపోయారని ఆ కమిటీ అంచనా కట్టింది. ఎక్కువ నష్టపోయినవని నాలుగు జిల్లాల పేర్లు రాసింది: ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు.

బీదర్ అంటే ఎక్కడో అనుకోకండి. అప్పుడు మా న్యాల్‌కల్ సర్కిల్ బీదర్ తాలూకాలోనే ఉండేది. 1956 నవంబర్ 1న మమ్మల్ని మెదక్ జిల్లాలో కలిపారు. అంటే ఆ లెక్క మా తాతల జిల్లా లెక్క. గోర్టలో చచ్చినోళ్లూ ఆ జిల్లావాళ్లే, తర్వాత చచ్చినోళ్లూ ఆ జిల్లావాళ్లే. సగం లెక్క చూపించి 'నిజ చరిత్ర' అని పోస్టర్ వేస్తే, నేను మిగతా సగం అడుగుతా.

అసలైన తుర్కీ మనిషిని చూడాలని ఉందా? 1931లో నిజాం కొడుకులిద్దరూ ఆటమన్ రాజకుమార్తెలను పెళ్లి చేసుకున్నారు. ఒకామె దుర్రుషెహ్వార్. ఇంకొకామె పేరు మీరు రోజూ వింటారు, ఆటోవాళ్లను అడిగినా చెప్తారు: నీలోఫర్. హైదరాబాద్‌లో పిల్లల దవాఖానా.

వచ్చే ఎపిసోడ్‌లో పటాన్‌చెరు పోదాం. అమీన్‌ఖాన్ సమాధి దగ్గర నిలబడి 'యయాతి చరిత్ర' సంగతి తీరిగ్గా మాట్లాడుకుందాం. ఉంటా మరి.