ముందు కన్ను, తర్వాత కిరణం

వెనక సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకోండి. 2011 సెప్టెంబరు 26. జర్మనీలోని కార్ల్స్‌రూహె నగరం. మీరు ఎక్కింది ఫోక్స్‌వ్యాగన్ పస్సాట్ కారు. మీ నెత్తిన, కారు టాప్ మీద, డబ్బాలాంటి పరికరం ఒకటి సెకనుకు 10 సార్లు గిర్రున తిరుగుతోంది. అది వెలొడైన్ హెచ్‌డీఎల్-64ఈ అనే లైడార్, అంటే లేజర్ కాంతి వెళ్లి తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం కొలిచే పరికరం. లోపల 64 లేజర్లున్నాయి. దాని పక్కనే నాలుగు కెమెరాలు, రెండు రంగులవి, రెండు నలుపు తెలుపువి. లేజర్ ముఖం రోడ్డు వైపు తిరిగిన ప్రతిసారీ కెమెరాలకు సంకేతం అందుతుంది, నాలుగూ ఒక్కసారిగా ఫొటో తీస్తాయి. డిక్కీలోని కంప్యూటరు అంతా దాచుకుంటోంది. ఈ ప్రయాణాల్లో పోగైన సమాచారమే తర్వాత ‘కిట్టి’ పేరుతో ప్రపంచమంతా వాడుకున్న భాండాగారం అయింది.

ఒళ్లో ల్యాప్‌టాప్ ఉందనుకోండి. లేజర్ చూస్తున్నది తెర మీద కనిపిస్తోంది. నల్లటి తెర, దాని మీద లక్ష చుక్కలు. కారు చుట్టూ నేల మీద వలయాలు దగ్గర దగ్గరగా పరుచుకుని ఉన్నాయి. దూరం పోయేకొద్దీ చుక్కలు పలచబడిపోతున్నాయి. 50 మీటర్ల ముందు ఒకతను సైకిలు తొక్కుకుంటూ పోతున్నాడు. అంత దూరంలో ఒక లేజర్ గీతకూ పై గీతకూ మధ్య దాదాపు 30 సెంటీమీటర్ల ఖాళీ. అతని తల నుంచి చక్రం దాకా ఐదారు గీతలు తగిలితే గొప్ప. తెర మీద అతను మనిషిలా లేడు, నాలుగు చుక్కల వరసల్లా ఉన్నాడు. తలెత్తి అద్దంలోంచి చూడండి. చొక్కా రంగు, పెడల్ మీద పాదం, మలుపు తిరగబోతూ పక్కకు చాచిన చెయ్యి, అన్నీ తెలుస్తున్నాయి. కెమెరాకూ తెలుస్తున్నాయి. అతను ఎంత దూరంలో ఉన్నాడన్నది మాత్రం కెమెరా అంచనా వేస్తుందే తప్ప కొలవలేదు.

సిగ్నల్ పడింది. కారు ఆగింది. పైన లేజర్ మాత్రం ఆగలేదు.

లేజర్ వదిలే ఒక్క పల్స్, అంటే ఒక్క కాంతి తునక వెంట వెళ్దాం. మన కంటికి కనిపించని 905 నానోమీటర్ల కాంతి. ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు పోతుంది. 60 మీటర్ల దూరంలో ఉన్న గోడను తాకి వెనక్కి రావడానికి 400 నానోసెకన్లు. గోడ దాన్ని అన్ని దిక్కులకూ చిమ్మేస్తుంది, మన పరికరం కటకంలోకి వచ్చేది అందులో లేశమంత. గోడ రెట్టింపు దూరంలో ఉంటే తిరిగొచ్చేది నాలుగో వంతే. పోనీ కాంతిని నాలుగు రెట్లు పెంచుదామా అంటే, ఫుట్‌పాత్ మీద ఓ పాప నిలబడి మన కారునే చూస్తోంది. ఈ కాంతి నేరుగా కంటి రెటీనా దాకా వెళ్లేది. కాబట్టి పెంచడానికి హద్దుంది. కరెంటుకూ హద్దుంది, పరికరం వేడెక్కడానికీ హద్దుంది. కాలానికీ అంతే. 120 మీటర్ల దాకా చూడాలంటే ఒక్కో పల్స్ రాకపోకలకే 800 నానోసెకన్లు ఎదురుచూడాలి.

ఇంత పొదుపుగా వాడుకోవలసిన కాంతి ఎటు పోతోందో చూడండి. ఎదుటి గోడ కదలడం లేదు, అయినా లేజర్ సెకనుకు 10 సార్లు దాని దూరం కొలుస్తూనే ఉంది. ఆకాశంలోకి పోయిన పల్స్ తిరిగి రానేరాదు. చదునైన తారురోడ్డు మీద వేల చుక్కలు ఒకే మాట చెబుతున్నాయి. సెకనుకు దాదాపు 13 లక్షల చుక్కలు రాలుతున్నా, ఆ సైకిలతని వంతుకు వచ్చినవి పిడికెడు. చేనంతా నీళ్లు పెట్టి మొక్క మొదలు ఎండగట్టినట్టుంది. నాకు ఇది సాంకేతిక లోపంగా కంటే న్యాయం కాని పంపకంగా కనిపిస్తుంది.

ఇప్పుడు అదే క్షణంలో కెమెరా తీసిన ఫొటోను చుక్కల మీద పరవండి. ఫొటోలో నాలుగున్నర లక్షలకు పైగా పిక్సెళ్లున్నాయి. వాటిలో లేజర్ దూరం చెప్పగలిగినవి నూటికి ఐదు. మిగతా 95 ఖాళీలు. వాటిని ఫొటో సాయంతో పూరించవచ్చని స్టాన్‌ఫర్డ్‌లో జేమ్స్ డీబెల్, సెబాస్టియన్ థ్రున్ 2005లోనే చూపించారు. ఫొటోలో రంగు తెగిన చోటే దూరం కూడా తెగుతుంది, రంగు సాఫీగా సాగినచోట దూరమూ సాఫీగానే సాగుతుంది, చాలా సందర్భాల్లో. ఆ ‘చాలా’ మాటను వదలకండి. మీ ముందున్న జీబ్రా క్రాసింగ్ చూడండి. నలుపు, తెలుపు పట్టీల మధ్య అంచులు ఎంత పదునుగా ఉన్నాయో! దూరంలో మాత్రం ఆవగింజంత తేడా లేదు. అదే తెల్లగోడ ముందు తెల్ల కారు నిలిపితే రంగు కలిసిపోతుంది, దూరం మాత్రం మీటర్ల కొద్దీ మారిపోతుంది.

అందుకే తర్వాతి తరం ఆ నియమాన్ని చేత్తో రాయడం మానేసి, వేల ఫొటోలు చూపించి యంత్రానికే నేర్పింది. 2018లో ఎంఐటీలో ఫాంగ్‌చాంగ్ మా, సెర్టాక్ కరమన్ గదుల లోపలి దృశ్యాల మీద ప్రయత్నించారు. ఒక్క ఫొటో మాత్రమే ఇచ్చి దూరాలు చెప్పమంటే ఎంత తప్పు వచ్చిందో, ఫొటోతో పాటు ఎక్కడపడితే అక్కడ తీసుకున్న 100 కొలతలు ఇస్తే ఆ తప్పు సగానికి పడిపోయింది. మొత్తం బొమ్మకు వందంటే వందే చుక్కలు.

ఎక్కడపడితే అక్కడ తీసుకుంటేనే ఇంత లాభం ఉంటే, ఎక్కడ కొలవాలో ఫొటోనే చెబితే? 2020లో స్టాన్‌ఫర్డ్‌కే చెందిన బెర్గ్‌మన్, లిండెల్, వెట్‌స్టైన్ ఆ పనే చేశారు. చుక్కలు ఎక్కడ పెట్టాలి, ఖాళీలు ఎలా పూరించాలి, ఈ రెండింటినీ యంత్రానికి కలిపి నేర్పారు. అదే ఏడాది ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు, చెప్పిన చోటికి కిరణాన్ని వంచే చిట్టి అద్దంతో నమూనా లైడార్ కట్టారు. గుండ్రంగా తిరుగుతూ అన్నిటినీ తడిమే పని దానికి లేదు.

పచ్చలైటు వెలిగింది. ఆ అద్దం మన కారు మీద ఉందనుకుని కదలండి. ముందు ఫొటో. ఆకాశం వైపు ఒక్క పల్స్ కూడా వద్దు. రోడ్డు మీద అక్కడక్కడా కొన్ని చాలు. గోడకు రెండు మూడు. ఆగి ఉన్న రెండు కార్ల మధ్య సందు చీకటిగా ఉంది, ఫొటోకు అనుమానం, అక్కడ గుప్పించండి. సైకిలతని భుజం అంచున, చక్రం అంచున, చాచిన చేతి వేళ్ల దగ్గర గుప్పించండి. తెర మీద చుక్కలు మొత్తం తగ్గాయి, మనిషి మాత్రం నిండుగా నిలబడ్డాడు.

కారు మలుపు తిరిగింది. సూర్యుడు సూటిగా కెమెరాలో పడ్డాడు. ఫొటో తెల్లగా మండిపోయింది. అనుమానించవలసిన చోటు ఏదో ఫొటోకే తెలియదు ఇప్పుడు. కెమెరా చెప్పిన చోటికే లేజర్ వెళ్తే ఒక కన్ను పోయినప్పుడు రెండోదీ పోయినట్టే. అందుకని పల్స్‌లలో కొంత భాగం ఎవరి మాటా వినకుండా, అన్ని వైపులా సమంగా పోవాలి. పొదుపు పేరుతో దాన్ని కోసేసే లైడార్‌ను మనుషులు తిరిగే రోడ్డు మీదికి రానివ్వకూడదు.

దిగేముందు ఇంకొక్కటి. కార్ల్స్‌రూహెలో పోగైన ఆ భాండాగారంలో వస్తువులకు 8 పేర్లే పెట్టారు: కారు, వ్యాను, ట్రక్కు, నడిచే మనిషి, కూర్చున్న మనిషి, సైకిలతను, ట్రామ్, ఇతరాలు. మన ఆటో ‘ఇతరాల్లోకి’ పోవలసిందే, ఆవు కూడా. ఆ ఫొటోల మీద మాత్రమే పెరిగిన కన్ను కూకట్‌పల్లి రోడ్డు మీద ఎక్కడ అనుమానించాలో ఎలా చెబుతుంది? హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు 2018లో వెలువరించిన ఇండియన్ డ్రైవింగ్ డేటాసెట్‌లో హైదరాబాద్, బెంగళూరు చుట్టుపక్కల రోడ్ల మీద తీసిన 10,004 ఫొటోలున్నాయి. అందులో ఆటోకూ పేరుంది, జంతువులకూ పేరుంది. ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, ప్రాజెక్టు మొదలుపెట్టవలసింది అక్కడి నుంచి.